ముందు జాగా, తర్వాతే జోరు

మన కళాశాలలో ఏ విభాగానికైనా వర్క్‌స్టేషను కొనడానికి డబ్బు మంజూరయిందంటే చాలు, మొదటి ప్రశ్న ఒకటే: "ప్రాసెసరు ఎన్ని గిగాహెర్ట్జ్?" మెమొరీ సంగతి ఆఖర్న వస్తుంది, అదీ మిగిలిన చిల్లరతో. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే. ఈ వరస తలకిందులైందని నా అభిప్రాయం. ఊరికే అనడంలేదు, దెబ్బ తిని అంటున్నాను.

నా ఎం.టెక్. ప్రాజెక్టులో 50,000 సమీకరణాలను ఒక్కసారిగా సాధించాల్సి వచ్చింది. బౌండరీ ఎలిమెంట్ పద్ధతి కనుక మాత్రికలో సున్నాలు దాదాపు ఉండవు, ప్రతి గడిలోనూ ఒక సంఖ్య ఉంటుంది. 50,000 అడ్డు వరసలు, 50,000 నిలువు వరసలు. వెరసి 250 కోట్ల సంఖ్యలు. ఒక్కో దానికి 8 బైట్లు చొప్పున 20 గిగాబైట్లు కావాలి. నాకిచ్చిన మిషన్లో ఉన్నది 16. ప్రాసెసరు మాత్రం సరికొత్తది. దాన్ని చూసి నేనూ మురిసిపోయాను.

సాయంత్రం ఆరింటికి ప్రోగ్రాం నడిపించి మెస్సుకు వెళ్ళాను. తెల్లారి వచ్చి చూస్తే ఇంకా నడుస్తూనే ఉంది. ప్రాసెసరు నూటికి అయిదు పాళ్ళు కూడా పనిచేయడం లేదు. హార్డ్‌డిస్కు దీపం మాత్రం మిణుకు మిణుకుమంటూనే ఉంది. వైవాకి నాలుగే రోజులు! పక్క మిషన్లోంచి ర్యామ్ స్టిక్కులు అడిగి తెచ్చి పెడితే 32 అయింది. అదే ప్రోగ్రాం, అదే ప్రాసెసరు. అరగంటలో జవాబు వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. మెమొరీలోంచి ఒక సంఖ్యను తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్.ఎస్.డి. నుంచి అయితే సుమారు 100 మైక్రోసెకన్లు, తిరిగే హార్డ్‌డిస్కు నుంచి అయితే 10 మిల్లీసెకన్ల దాకా. ఈ లెక్కలు మన బుర్రకెక్కాలంటే ఇలా చూడండి: మెమొరీ నుంచి తేవడం ఒక నిమిషం పని అనుకుంటే, ఎస్.ఎస్.డి. నుంచి తేవడం దాదాపు 17 గంటల పని, హార్డ్‌డిస్కు నుంచి 70 రోజుల పని! వంటమనిషి ఎంత చురుకైనవాడయితే ఏం లాభం, ఉప్పు కావలసినప్పుడల్లా పక్క ఊరు వెళ్ళి రావాల్సి వస్తే?

చాలని మెమొరీకి అయస్కాంత డ్రమ్మును తోడు తెచ్చుకునే ఏర్పాటు 1962లో మాంచెస్టర్ అట్లాస్ కంప్యూటరులోనే ఉంది. అది మితిమీరితే మిషను పని మానేసి మోతలోనే మునిగిపోతుందని, కారణాలతో సహా పీటర్ డెనింగ్ 1968లోనే వివరించాడు. దాని పేరే త్రాషింగ్. పాఠంలో చదివి మార్కులు తెచ్చుకుంటాం, కొనేటప్పుడు మరిచిపోతాం.

పైగా గిగాహెర్ట్జ్ పరుగు ఎప్పుడో మందగించింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను ఇంటెల్ 2004లోనే మానుకుంది. వేడి భరించడం కష్టమైంది. అప్పట్నించి వేగం బదులు కోర్ల సంఖ్య పెరుగుతోంది. కోర్లు పెరిగినకొద్దీ మెమొరీయే ఎక్కువ కావాలి. ఒక్కొక్కటి 4 గిగాబైట్లు తినే పనులు ఎనిమిది కోర్ల మీద పెడితే 32 చెల్లిపోయినట్లే.

అలాగని మెమొరీ ఎంత పోస్తే అంత వేగమా? కాదు. పని మొత్తం అందులో ఇమిడిన తర్వాత మిగిలింది వట్టి ఖాళీ. కొన్ని మాంటీ కార్లో లెక్కలకు కొద్ది మెగాబైట్లే చాలు, వాళ్ళకి కావలసింది ప్రాసెసరే. మాత్రిక భుజం రెట్టింపయితే మెమొరీ నాలుగింతలు కావాలి, సాధించే లెక్క ఎనిమిదింతలవుతుంది. కనుక ఇమిడాక ప్రాసెసరుదే రాజ్యం. ఇమడకపోతే దానికి రాజ్యమే లేదు.

"మెమొరీ తర్వాతైనా చేర్చుకోవచ్చు, ప్రాసెసరు మార్చడం కష్టం. అందుకే అది ముందు" అని పెద్దలు అంటారు. సొంత డబ్బుతో ఇంట్లో కొనుక్కునేవాడికి ఈ మాట ఒప్పే. కాని కాలేజీలో ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుంది? మళ్ళీ అర్జీ, మళ్ళీ కొటేషన్లు, మళ్ళీ ఆడిటు. అంతా ముగిసేసరికి ఆ రకం స్టిక్కులే అరుదైపోవచ్చు. డీడీఆర్4 గాడిలో డీడీఆర్5 పట్టదు కదా!

నేను కోరేది ఒక్కటే. కొనేముందు మన దగ్గరున్న పనుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని నడిపి, అది ఎంత మెమొరీ తింటుందో కొలవండి. అందుకు ఒకటిన్నర రెట్లు ముందు రాసుకోండి. ఒకే స్టిక్కు బదులు జతగా కొనండి, రెండు దారులూ పనిచేస్తాయి. వీలైతే రెండు గాళ్ళు ఖాళీగా ఉంచండి. మిగిలిన డబ్బుతో దొరికినంత మంచి ప్రాసెసరు తీసుకోండి, కాదనను.

కొటేషను మీద సంతకం పెట్టేముందు, ఆ మిషను ముందు రాత్రంతా కూర్చోబోయే విద్యార్థిని ఒక్క మాట అడగండి. కాపలా కాసేది వాడే గనక.