ద్రాక్షపీపాయు కల్లుముంతయు

మన విద్యావంతుల యిండ్లలో నీనడుమ నొక క్రొత్త రసజ్ఞత బయలుదేరినది. కల్లు త్రాగువానిని త్రాగుబోతనియు, సారా త్రాగువానిని భ్రష్టుడనియు నిందించు నోటితోనే, ద్రాక్షమద్యపు పీపాలో తుదినిలువ చేసిన స్కాట్లండు సింగిల్ మాల్టు విస్కీని గాజుపాత్రలో పోసికొనువానిని 'అభిరుచి గలవా'డని మెచ్చుచున్నారు. సంఘసంస్కరణమును గూర్చి యుపన్యసించువారి యలమారలలో సయితము ఈ సీసాలు వెలయుచుండుటచేత నీ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

ఈ విద్యలో నైపుణ్యము లేదనుట యసత్యము. మొలకెత్తించిన యవలను మాత్రమే పులియబెట్టి, ఒకే కార్ఖానాలో రాగిపాత్రలలో దించిన సారమునకు సింగిల్ మాల్టని పేరు. 2009వ సంవత్సరపు బ్రిటిషు నిబంధనల ప్రకారము అది స్కాట్లండులోనే, 700 లీటర్లకు మించని ఓకుకొయ్య పీపాలలో, కనీసము 3 సంవత్సరములు నిలువయుండవలయును. మద్యసారము నూటికి 40 పాళ్లకు తగ్గరాదు. నీరును, రంగుకొఱకు మాడ్చిన చక్కెరయు తప్ప మఱేమియు చేర్చరాదు. అమెరికాలో బర్బన్ విస్కీకి లోపల కాల్చిన క్రొత్త ఓకుపీపాలనే వాడవలెనని చట్టముండుటచే, అచ్చట నొకమారు వాడినవి స్కాట్లండునకు చేరును. వానిలో ఏండ్లతరబడి యుంచిన సారమును, పూర్వము షెర్రీయో పోర్టో ఎఱ్ఱని ద్రాక్షమద్యమో నిండియున్న పీపాలోనికి మార్చి, కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో యుంచుదురు. కొయ్యలో నింకిన ద్రాక్షమద్యము సారములోనికి దిగి, ఎండుద్రాక్షవాసనయు, కొంత వగరును, ఎఱ్ఱని ఛాయయు నిచ్చును. బాల్వెనీ, గ్లెన్‌మొరాంజీ మొదలగు కార్ఖానాలు 1980, 1990 దశకములలో ఈ పద్ధతికి ప్రచారము తెచ్చినవి.

కాని సీసామీది వంశచరిత్రను వేదవాక్యముగా గొనువారు కొంచెము నిదానింపవలయును. ఒకప్పుడు స్పెయిను దేశపు షెర్రీ పీపాలలోనే ఇంగ్లండునకు వచ్చెడిది. మిగిలిన పీపాలను విస్కీవారు చౌకగా కొనెడివారు. 1980 దశకమునుండి షెర్రీని స్పెయినులోనే సీసాలకెత్తుట నియమమైనది. ఇప్పుడు విస్కీవారి కొఱకే క్రొత్తపీపాకు షెర్రీ పట్టించి పంపుచున్నారు. మునుపు మద్యముకొఱకు పీపా, నేడు పీపాకొఱకు మద్యము!

'మేము త్రాగువారము కాము, రుచి చూచువారము' అని మనవారి సమాధానము. రుచి చూచుటయే వృత్తిగాగల విస్కీమిశ్రమకారులు పనిలో ప్రధానముగా ముక్కునే వాడుదురు. నీరు కలిపి వాసనచూచి పాత్రను ప్రక్కకు నెట్టుదురు. మన రసజ్ఞులు పాత్రను నెట్టుట నేనెక్కడను వినలేదు. మనుస్మృతి సురను మూడు విధములుగా విభజించి, బెల్లముతో చేసినది గౌడి, పిండితో చేసినది పైష్టి, మధువుతో చేసినది మాధ్వి యని పేర్లుపెట్టి, ఒకటి యెట్టిదో తక్కినవియు నట్టివే యని తేల్చినది. మనువును నేనన్నిట ప్రమాణముగా గొనను. ఆ నిషేధమును ద్విజులకే చెప్పి తక్కినవారిని విడిచినాడు. అయినను మూడింటిని ఒక్క గాటకట్టుటలో నాతడు మన యభిరుచిపరులకంటె నయము. యవల సారమును ద్రాక్షపీపాలో ముంచినంతనే పైష్టి సంస్కారవతి యగునా? మద్యమునకు నిరపాయమైన మోతాదు లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023 జనవరిలో చెప్పినప్పుడు పీపా జాతిని విచారింపలేదు.

కొందఱు స్వదేశాభిమానమును అడ్డుపెట్టుదురు. బెంగుళూరి అమృత్ వారు 2004లో తమ సింగిల్ మాల్టును గ్లాస్గో నగరముననే విపణికి తెచ్చిరి. పోర్టుపీపాలలో తుదినిలువ చేసినదియు వారియొద్ద కలదు. సంతోషమే. కాని ఖద్దరు కట్టించినంతమాత్రమున మత్తు మత్తు కాకపోదు.

ఇక మా సీమకు రండు. కృష్ణమీది జూరాల ఆనకట్ట మా ధరూరు మండలములోనిది. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రహదారి మా గద్వాల జిల్లా మీదుగనే సాగును. ఆ రహదారిని పోవు సీసామీద కార్ఖానా పేరు, మద్యసారపు పాళ్లు, తఱచుగా ఏండ్లలెక్కయు నుండును. పగలెల్ల పొలములో వంగి, సాయంకాలము కల్లుకంపౌండులో ముంత పట్టు కూలివానికి మాత్రము అది చెట్టుదో, పొడిదో తెలియదు. చెట్టునుండి దిగిన కల్లులో మత్తు నూటికి నాలుగైదు పాళ్లే; మఱునాటికే పులిసిపోవును. చెట్లు తక్కువ, గిరాకి యెక్కువ. ఆ లోటును క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్‌ప్రజోలాం అను నిద్రమందులతో పూడ్చుట పాత మహబూబునగరు జిల్లాలో పలుమార్లు బయటపడినది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. అంతకంటె దారుణము వేఱొకటి: మందు కలిపిన కల్లు హఠాత్తుగా దొరకకున్న, అలవాటుపడినవాడు నిద్రలేక వణకి, మూర్ఛలువచ్చి, మతితప్పి మాటలాడును. 2015లో కల్తీపై దాడులు జరిగినప్పుడు ఇట్టివారితో ఆసుపత్రులు నిండినవి. పేదవాడు మానుటకు సయితము వైద్యుడు కావలసిన స్థితిలో నున్నాడు. 'త్రాగుబోతు మానడు' అని మనము వరండాలో తీర్పు చెప్పుచున్నాము!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణనిషేధము 1997లో సడలెను. సారా మరల రాలేదు, సీసాలు మరల వచ్చినవి. పేదవాని మద్యమునకు నీతిశాస్త్రము, ధనికుని మద్యమునకు అలంకారశాస్త్రము అనునది అప్పటినుండియు మన వాడుక.

కావున మద్యపాననిషేధమును బోధించు సంఘములు తమ సభ్యుల యలమారలనుండియే మొదలుపెట్టవలయును. అది చేతగానిచో, స్కాట్లండువాడు తన పీపాకు పెట్టించుకొన్న కట్టడిలో పదియవవంతైనను మన ముంతకు పెట్టింపవలయును: ప్రతి కంపౌండునందును నెలనెల కల్లు మాదిరి తీసి పరీక్షకు పంపుట, ఫలితమును తలుపుమీద తెలుగులో అంటించుట, మందు కలిపినట్లు తేలినచోట దుకాణము మూయకముందే వైద్యుని పిలిపించుట. మా మండలములో దీనికి అర్జీ వ్రాయువారుండినచో, సంతకములు సేకరించుటకు నేను వత్తును.