పాత కారుకు కొత్త స్ప్రింగులా?

డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మావాడికి 1990 నాటి మాజ్డా మియాటా మీద మనసైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అది కొని, ఎత్తు తగ్గించుకునే కాయిలోవర్ స్ప్రింగులు వేయిస్తాడట. కొంత అప్పు చేసైనా 2016 మోడల్ కొనుక్కుని, దాన్ని ఉన్నదున్నట్టు నడుపుకోరా అంటాను నేను.

"పాతది టన్ను బరువు కూడా ఉండదమ్మా, మలుపు తిప్పితే చేతికి తెలుస్తుంది" అంటాడు. నిజమే. పైకి లేచే ఆ హెడ్‌లైట్లు నాకూ ముద్దొస్తాయి. కానీ స్ప్రింగులు మార్చినంత మాత్రాన ముప్ఫయ్యేళ్ల రబ్బరు బుష్‌లు కొత్తవైపోవు. ముందు మార్చాల్సింది అవీ, టైర్లూ. పైగా స్ప్రింగు గట్టిదైతే ప్రతి గుంటా నడుముకే తగులుతుంది.

నా భయం వేరేది లెండి. వానలో బండి జారితే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ పాతదాంట్లో లేదు. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి కార్లన్నిటికీ అది తప్పనిసరి. ఎంత ఖరీదైన స్ప్రింగులు కొన్నా వాటితో అది రాదు.

ఆదివారం సరదాకైతే పాతదే ఉంచుకోనీ. రోజూ హైవే మీద ఆఫీసుకి మాత్రం కొత్తదే నడపాలి. వాళ్ల నాన్న వాడి పక్షమే, అది వేరే సంగతి.