అనాథాశ్రమాలకు సేవాయాత్రలు: బాలలకు ఒరిగేదెంత?

హౌరా నుంచి మెయిన్ లైన్‌లో బయలుదేరే లోకల్ రైలు మొదట ఆగే స్టేషన్ లిలువా. హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున, కోల్‌కతాకు ఎదురుగా ఉన్న హౌరా నగరంలో ఇది ఒక భాగం. ఈస్టిండియన్ రైల్వే కాలంలో నెలకొన్న బోగీల, వ్యాగన్ల కర్మాగారం చుట్టూ పెరిగిన కార్మికుల పేట. ఆశ్రయం లేని బాలికలు, మహిళల కోసం రాష్ట్ర ప్రభుత్వం నడుపుతున్న వసతి గృహం వల్ల కూడా లిలువా పేరు తరచు వార్తల్లో వినిపిస్తుంది. అక్రమ రవాణాకు గురై సరిహద్దు దాటి వచ్చి, తిరిగి స్వదేశానికి పంపే ఉత్తర్వుల కోసం ఎదురుచూసే బంగ్లాదేశ్ బాలికలు కూడా అక్కడ ఉంటారు. ఇక కూతవేటు దూరంలోని హౌరా స్టేషన్ ఇల్లు విడిచి వచ్చిన పిల్లలకు ఎన్నో ఏళ్లుగా చివరి మజిలీ. ఈ కారణాల వల్లనే ఈ ప్రాంతంలో ప్రభుత్వ గృహాలతో పాటు క్రైస్తవ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే బాలల గృహాలూ వెలిశాయి.

వేసవిలోనూ, సంవత్సరాంతపు సెలవుల్లోనూ విదేశీ యువజన బృందాలు కోల్‌కతా, హౌరాలకు సేవాయాత్రలుగా రావడం కొత్త కాదు. మదర్ థెరిసా 1950లో మిషనరీస్ ఆఫ్ చారిటీని స్థాపించిన నాటి నుంచి, ముఖ్యంగా 1979లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి లభించిన తర్వాత, ఈ నగరం సేవాభిలాషులకు ఒక తీర్థంలా మారింది. పాఠశాలలు, చర్చిలు, కళాశాలల నుంచి పదిహేను ఇరవై మంది బృందంగా వస్తారు. బయలుదేరే ముందు నెలల తరబడి తమ ఊళ్లలో విరాళాలు పోగు చేస్తారు. ఇక్కడ ఒకటి రెండు వారాలు ఉండి గోడలకు రంగులు వేస్తారు, ఆంగ్ల పాటలు నేర్పుతారు, బంతులు, రంగు పెన్సిళ్లు పంచుతారు. వీడ్కోలు నాడు ఇరువైపులా కన్నీళ్లు వస్తాయి.

ఆ యువతీయువకుల సద్భావాన్ని శంకించవలసిన పని లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో సెలవులను వినోదానికి కాక పరాయి దేశపు పిల్లల కోసం వెచ్చించడం చిన్న విషయం కాదు. అయితే సత్సంకల్పం సత్ఫలితాన్నే ఇస్తుందన్న హామీ లేదు. గత పదిహేనేళ్లుగా బాలల హక్కుల నిపుణులు, కొన్ని ప్రభుత్వాలు, చివరకు ఐక్యరాజ్యసమితి కూడా ఈ యాత్రల మంచిచెడులను నిశితంగా పరిశీలిస్తున్నాయి. 2019 డిసెంబర్ 18న ఐరాస సర్వసభ్య సభ ఆమోదించిన బాలల హక్కుల తీర్మానం, పర్యాటకంలో భాగంగా అనాథాశ్రమాలలో జరిగే స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని నివారించాలని సభ్య దేశాలను కోరింది. ఆ హాని అక్రమ రవాణాకు, దోపిడీకి దారితీయగలదని కూడా పేర్కొంది. ప్రపంచ దేశాలన్నీ కూర్చునే సభ నుంచి ఇంత నిర్దిష్టమైన మాట వెలువడడం విశేషమే.

ఇంతకూ అనాథ ఎవరు? ఆశ్రమంలో ఉన్న ప్రతి బిడ్డకూ తల్లీ తండ్రీ లేరని సందర్శకులు అనుకుంటారు. వాస్తవం వేరు. ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి సంస్థలలో ఉన్న ప్రతి అయిదుగురు పిల్లలలో కనీసం నలుగురికి తల్లిదండ్రులలో ఒకరైనా జీవించి ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లో వెల్లడించింది. వారిని అక్కడికి చేర్చినది ఎక్కువగా మృత్యువు కాదు. పేదరికం, వలస, తల్లి అనారోగ్యం, తండ్రి తాగుడు, ఊళ్లో బడి లేకపోవడం. హౌరా స్టేషన్‌లో దొరికే పిల్లల సంగతీ అంతే. రైళ్లలో, స్టేషన్లలో ఒంటరిగా కనిపించే బాలలను కాపాడేందుకు రైల్వే రక్షణ దళం ‘నన్హే ఫరిశ్తే’ పేరిట నడుపుతున్న కార్యక్రమం కింద 2018 నుంచి 2024 మే వరకు 84,119 మందిని గుర్తించారు. వీరిలో ఇంటి నుంచి పారిపోయి వచ్చినవారే అధికం. అంటే ఎక్కడో ఒక ఇల్లు ఉంది. ఎవరో ఒకరు వెతుకుతూ ఉన్నారు.

అటువంటి బిడ్డ దొరికిన 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఆ సమితి విచారించి, వీలైతే కుటుంబానికి అప్పగించాలి. వీలు కాకపోతే బంధువులకు, ఆపైన ఫోస్టర్ కేర్ కుటుంబానికి. ఇవేవీ కుదరనప్పుడు మాత్రమే సంస్థకు పంపాలి. సంస్థాగత సంరక్షణ చివరి మార్గం అన్నది ఆ చట్టంలోనే ఒక మౌలిక సూత్రం. ఆచరణలో మాత్రం చివరి మార్గమే మొదటి మార్గమవుతున్నది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2016-17లో జరిపించిన పరిశీలనలో దేశంలో 9,589 బాలల గృహాలు లెక్కకు వచ్చాయి. వాటిలో మూడు లక్షల డెబ్భై వేల మందికి పైగా పిల్లలు ఉన్నారు.

ఇక రెండు వారాల ఆత్మీయత విషయం. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరంలో మొదలైన ఒక అధ్యయనం ఈ రంగంలో సుప్రసిద్ధం. సంస్థలలో పెరుగుతున్న 136 మంది శిశువులను రెండు భాగాలు చేసి, సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. నాలుగున్నరేళ్ల వయసులో పరీక్షించినప్పుడు సంస్థలలో ఉండిపోయినవారి తెలివితేటల సూచీ సగటున 73. కుటుంబాలకు వెళ్లినవారికి 81. పుట్టింట పెరిగిన పిల్లలకు 109. రెండేళ్లు నిండకముందే కుటుంబానికి చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు. ఈ అధ్యయనం విదేశీ సందర్శకుల గురించి కాదు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ అది నిరూపించిన విషయం ఇక్కడ వర్తిస్తుంది: బిడ్డకు కావలసింది ఎక్కువ మంది మనుషులు కాదు, మారని మనిషి. ఒకే పెద్దదిక్కు ఏళ్ల తరబడి నిలిచి ఉండడం.

ఆశ్రమానికి వెళ్లినవారందరూ ఒక దృశ్యాన్ని మురిపెంగా చెబుతారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కూమొహం తెలియని పిల్లలు పరుగున వచ్చి కాళ్లను చుట్టేస్తారు, ఒళ్లో కూర్చుంటారు, పేరు అడగకుండానే చేయి పట్టుకుంటారు. ఎంత ప్రేమగల పిల్లలో అని సందర్శకుల మనసు కరుగుతుంది. మన ఇళ్లలో మూడేళ్ల బిడ్డ కొత్తవారిని చూస్తే అమ్మ చీర కుచ్చిళ్ల వెనుక దాక్కుంటుంది. అది ఆరోగ్యానికి గుర్తు. కొత్తా పాతా తేడా లేకుండా ఎవరినైనా అల్లుకుపోవడం, స్థిరమైన సంరక్షకులు లేక పెరిగిన పిల్లలలో కనిపించే లక్షణమని మనస్తత్వ శాస్త్రవేత్తలు గుర్తించారు. మనం ప్రేమగా చూస్తున్నది ఒక గాయపు మచ్చ కావచ్చు. ప్రతి పక్షానికీ ఒక కొత్త బృందం రావడం, అలవాటు కాగానే వెళ్లిపోవడం ఆ గాయాన్ని మళ్లీ మళ్లీ రేపుతుంది. వీడ్కోలు కన్నీళ్లు విమానం ఎక్కినవారికి మధుర జ్ఞాపకం. గేటు దగ్గర నిలబడిన బిడ్డకు అది ఆ ఏడాదిలో ఎన్నో వియోగమో.

డబ్బు సంగతి ఇంతకన్నా చేదైనది. సందర్శకుల రాకతో విరాళాలు ముడిపడి ఉన్న చోట, గృహాన్ని పిల్లలతో నింపి ఉంచడమే లాభసాటి అవుతుంది. కంబోడియాలో 2005, 2010 మధ్య బాలల గృహాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ కాలంలో దేశంలో అనాథలు అంతగా పెరగలేదు, పర్యాటకులు పెరిగారు. ఆ గృహాల్లోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో ఉన్నారు. నేపాల్‌లో అధిక శాతం బాలల గృహాలు కాఠ్మాండూ, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటక ప్రాంతాలలోనే గుమిగూడి ఉన్నాయి. మారుమూల కొండ జిల్లాల నుంచి చదువు ఆశ చూపి పిల్లలను తెచ్చి చేర్చిన ఉదంతాలు అక్కడ అనేకం. ఆస్ట్రేలియా పార్లమెంటరీ సంఘం 2017 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదికలో ‘అనాథాశ్రమ అక్రమ రవాణా’ను ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా పరిగణించింది.

ఇవన్నీ ఎక్కడో జరిగినవని తెలుగువారు అనుకోవడానికి వీల్లేదు. 1999లోనూ, తిరిగి 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన దత్తత కుంభకోణాలు ఇంకా మరపున పడలేదు. నల్గొండ, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల లంబాడా తండాల నుంచి ఆడ శిశువులను కొద్దిపాటి సొమ్ముకు సేకరించి, అనాథలుగా కాగితాలు పుట్టించి, విదేశీ దత్తతకు సిద్ధం చేసిన వైనం నాడు యావద్దేశాన్నీ కలవరపరచింది. దత్తత వేరు, సేవాయాత్ర వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ వెనుక ఉన్న యంత్రాంగం ఒక్కటే. బయటి నుంచి డబ్బు ‘అనాథ’ను వెతుక్కుంటూ వస్తే, కన్నవారు ఉన్న బిడ్డ కూడా అనాథగా మారిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

భారతీయ చట్టం ఈ విషయంలో బలహీనమేమీ కాదు. బాలల గృహాలన్నీ నమోదు కావాలని 41వ సెక్షన్ ఆదేశిస్తోంది. ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తమిళనాడు అనాథాశ్రమాలలో దోపిడీపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2017 మే 5న తీర్పు చెబుతూ, దేశమంతటా నమోదు ఆ ఏడాది ముగిసేలోగా పూర్తి కావాలని నిర్దేశించింది. 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు, ఫొటో, గుర్తింపు తెలిపే ఏ వివరమూ ఏ మాధ్యమంలోనూ వెల్లడించరాదంటోంది. దీనికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. విదేశీ బృందాల ఫొటోల్లో పిల్లల ముఖాలు ఎంత స్పష్టంగా కనబడతాయో అందరికీ తెలిసినదే. ఆ మాటకొస్తే, మన దగ్గర పుట్టినరోజు నాడు అనాథాశ్రమంలో కేకు కోసి, పిల్లలను వరుసగా నిలబెట్టి తీయించుకునే ఫొటోలు, నాయకుల జన్మదినాలకు పండ్లు, రొట్టెలు పంచుతూ పత్రికలకు పంపే ఫొటోలు ఏ కోవకు వస్తాయి? తమది కాని పుట్టినరోజుకు చప్పట్లు కొట్టడం ఆ పిల్లలకు ఒక దినచర్య అయిపోయింది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే తెలుగు కుటుంబాల పిల్లలు కళాశాల దరఖాస్తులో రాసుకోవడానికి పది రోజులు ఆశ్రమంలో సేవ చేయడం కూడా ఇదే కోవలోనిది.

పర్యాటక వీసాపై నెల రోజులకు మించని, ప్రతిఫలం లేని స్వచ్ఛంద సేవకు భారత ప్రభుత్వం అనుమతిస్తోంది. అంటే రెండు వారాల యాత్ర చట్టవిరుద్ధం కాదు. అలాగని నిషేధమే పరిష్కారమన్న వాదన కూడా తొందరపాటే. సందర్శకులు ఆగిపోతే తమకు వంట సరుకుల డబ్బు కూడా ఆగిపోతుందని భయపడే నిజాయితీగల నిర్వాహకులు ఉన్నారు. వారి భయం నిరాధారం కాదు. యాత్రకు వచ్చి, తర్వాత ఇరవై ఏళ్ల పాటు నెలనెలా విరాళం పంపినవారూ ఉన్నారు. ఫిజియోథెరపీ తెలిసిన వ్యక్తి వచ్చి, పిల్లలను తాను ముట్టుకోకుండా అక్కడి ఆయాలకు ఆ పని నేర్పి వెళ్తే, ఆ విద్య గృహంలో నిలిచిపోతుంది. గోడకు రంగు వేయడం అలాంటిది కాదు. లిలువాలో పెయింటర్లకు కొరత లేదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పదిహేను మంది బృందంలో ఒక్కొక్కరి రానుపోను విమాన ఖర్చు డెబ్భై వేల రూపాయలనుకుంటే మొత్తం పది లక్షల యాభై వేలు. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకంలో, సంస్థలో చేరవలసిన దుస్థితిలో ఉన్న బిడ్డను ఇంటిలోనే ఉంచి పెంచేందుకు కుటుంబానికి నెలకు ఇచ్చేది 4,000 రూపాయలు, ఏడాదికి 48,000. ఆ బృందం విమానాల ఖర్చుతో ఇరవై ఒక్క మంది పిల్లలు ఒక సంవత్సరం పాటు తల్లి దగ్గరే ఉండగలరు. బస, భోజనం, కానుకల ఖర్చు ఇందులో కలపలేదు. గ్రామాల్లో ఏడాదికి 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలకు మించని ఆదాయం గల కుటుంబాలు ఈ సాయానికి అర్హమైనవి. అర్హత ఉన్నా సంగతి తెలియని వితంతువులు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎందరో ఉంటారు. ఆ దరఖాస్తు నింపి పెట్టడానికి విమానం ఎక్కనక్కరలేదు.

హౌరాకు, తెలుగునాడుకు మధ్య రోజూ రైళ్లు నడుస్తాయి. శ్రీకాకుళం నుంచో రాజమహేంద్రవరం నుంచో ఇంట్లో అలిగి రైలెక్కిన పన్నెండేళ్ల పిల్లవాడు మర్నాటికి హౌరా ప్లాట్‌ఫారంపై తేలితే, వాడికి బెంగాలీ రాదు, హిందీ అంతంత మాత్రం. ఊరి పేరు సరిగా పలికినా వినేవారికి అర్థం కాదు. అనువాదకులు, దుబాసీల జాబితాను జిల్లా బాలల సంరక్షణ విభాగం సిద్ధంగా ఉంచుకోవాలని నిబంధనలు చెబుతున్నాయి. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా రైల్వే కొలువుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. కోల్‌కతాలోనూ తెలుగు సంఘాలకు కొదవ లేదు. వారిలో నలుగురైదుగురు యువకులు పోలీసు ధ్రువీకరణ పొంది ఆ జాబితాలో పేరు నమోదు చేయించుకుంటే, ఆ పిల్లవాడు ఏ మండలం వాడో, ఇంట్లో ఎందుకు అలిగాడో, తిరిగి వెళ్లడానికి భయపడుతున్నాడా లేదా అన్నది ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. అటువంటి పిలుపు నెలకు ఒకసారి రావచ్చు, ఆరు నెలలకు ఒకసారి రావచ్చు. ఫొటో తీసుకునే వీలు మాత్రం ఉండదు.