అక్కడ దక్కని కుర్చీ

నయాపూల్ మీద ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు ఓసారి కిందికి తొంగిచూడండి. ఈ మూసీయేనా 1908 సెప్టెంబరు 28న వేలమందిని పొట్టన పెట్టుకుంది అనిపిస్తుంది. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మళ్లీ అంతటి గండం రాకుండా దారి చూపింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య అని స్కూలు పిల్లలకూ తెలుసు. మరి అంతటి ఇంజినీరు సరిగ్గా ఆ సమయానికి నిజాం సర్కారుకు ఎలా దొరికాడు? పైమెట్టుకు ప్రమోషన్ రాదని తెలిసి, అంతకుముందే ఉద్యోగం వదిలేశాడు కాబట్టి!

1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాడాయన. పనిమంతుడు కావడంతో సీనియర్లను దాటుకుని పైకొచ్చాడు. కానీ చీఫ్ ఇంజినీరు కుర్చీ తెల్లవాళ్లదే. అది తనకు దక్కే ఆశ కనిపించలేదు. అర్జీలు పెడుతూ కూర్చోకుండా 1908లో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాడు. పాతికేళ్ల సర్వీసు నిండకపోయినా పింఛను మంజూరైంది. విదేశీయాత్రలో ఉండగా హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది.

ఇది ఆయనొక్కడి గోడు కాదు. 1892 తర్వాత ఇంజినీర్లను రెండు వర్గాలుగా చీల్చారు. ఇంగ్లండులో ఎంపికైనవారు ఇంపీరియల్ సర్వీసు, ఇక్కడి కాలేజీల్లో చదివినవారు ప్రొవిన్షియల్ సర్వీసు. ఒకే కాలువ గట్టు, ఒకే ఎండ. జీతం మాత్రం మనవాళ్లకు దాదాపు మూడింట రెండొంతులే. ఇల్లు వదిలి ఇంతదూరం వచ్చినవాళ్లకు ఎక్కువ ఇవ్వాలి కదా అన్నది దొరల వాదన. చేసే పనికి కాదు, పుట్టిన ఊరికి వెలకట్టారన్నమాట!

1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్య హైదరాబాదు వచ్చారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే, ఆ వరదకు 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. నగరానికి భూగర్భ మురుగు కాలువలు కావాలన్నారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట. 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఆయన మాత్రం 1909 నవంబరులోనే మైసూరు వెళ్లిపోయారు. ఏ హోదాలో అనుకున్నారు? చీఫ్ ఇంజినీరుగా! మూడేళ్లకే అక్కడ దివాను కూడా అయ్యారు.

బొంబాయి పోగొట్టుకుంది, హైదరాబాదు బాగుపడింది. కథ ఇక్కడితో ఆపితే అందరికీ హాయి. కానీ ఆయనకు పేరుంది, పింఛనుంది, పిలిచేవాళ్లున్నారు. ఇంటిల్లిపాదీ ఒక్క జీతం మీద బతికే మామూలు ఇంజినీరు ఎక్కడికి పోతాడు? ఆ రెండొంతులే తీసుకుని, తనకంటే చిన్నవాడికి సలాము కొట్టి, మర్నాడు మళ్లీ కాలువ గట్టెక్కి ఉంటాడు. వాళ్లకు విగ్రహాల్లేవు.

వానాకాలంలో గండిపేట గేట్లెత్తారన్న వార్త చదివినప్పుడు విశ్వేశ్వరయ్యను తలుచుకుందాం. పేరు తెలియని ఆ రెండొంతుల జీతగాళ్లను కూడా.