రీలుకు ముప్పై ఆరే
(ఛాయాచిత్రకారుల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం ఆమోదించిన తీర్మానం)

సంఘం ఏటా జరిపే ప్రదర్శనకు సభ్యులు పంపే ఫొటోల్లో మంచివాటికి కొదవ లేదు. ఆ మంచిని ఎప్పుడు ఎంచుకున్నారన్నదే చిక్కు. జాతరకో రథోత్సవానికో వెళ్లిన సభ్యుడు కార్డు నిండా నొక్కుకొస్తాడు. ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని అందులో ఒకటి వెతుకుతాడు. దాని ఆకాశం ముదురు చేసి, అంచులు కత్తిరించి, ముఖాలు నునుపు చేసి పంపుతాడు. బటన్ నొక్కకముందు తేల్చుకోవలసిన సంగతులన్నీ నొక్కిన తర్వాతికి వాయిదా పడుతున్నాయి. ఈ వాయిదాల అలవాటుపై కార్యవర్గం ఒక ముసాయిదా పెట్టగా, చర్చ జరిగి, సవరణలతో ఈ తీర్మానం ఆమోదం పొందింది.

ముందుగా ఒక అపోహను సమావేశం పక్కన పెడుతున్నది. ఫిల్ము రోజుల్లో ఫొటోలు దిద్దేవారు కాదన్న మాట చర్చలో పదేపదే వచ్చింది. అది నిజం కాదు. పాత స్టూడియోల్లో రీటచింగ్ బల్ల ఉండేది. వాలుగా నిలబెట్టిన గరుకు గాజు, దాని కింద వెలుతురును పైకి కొట్టే అద్దం. గాజు మీద నెగెటివ్ పెట్టి, ఎమల్షన్ వైపు సూదిలా చెక్కిన పెన్సిల్ మొనతో చుక్కలు పెట్టేవారు. మొటిమ ఉన్నచోట నెగెటివ్ పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ మరక పడితే ప్రింటులో చర్మం తేటగా వస్తుంది. పెళ్లిచూపులకు వెళ్లిన ఫొటోలు చాలావరకు ఆ బల్ల మీదుగా వెళ్లినవే. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం ఫొటోకు దశాబ్దాల తరబడి ప్రింట్లు వేస్తూ, పోనుపోను ఆకాశాన్ని నలుపు చేశాడు. ఫ్రేమును కత్తిరించడమంటే గిట్టని కార్టియే బ్రెసాన్ 1932లో పారిస్ సెంట్ లజార్ స్టేషన్ వెనక నీటిమడుగు దాటుతున్న మనిషిని తీసిన ఫొటో, ఆయన ఫొటోలన్నిటిలోకీ పేరుపడ్డది, కత్తిరించినదే. కాబట్టి పాతవాళ్లందరూ సత్యసంధులు, కొత్తవాళ్లందరూ మాయగాళ్లు అన్న ధోరణిలో ఈ తీర్మానాన్ని ఎవరూ చదవవద్దని మనవి.

మనకు నమూనా నెగెటివ్ కాదు, స్లైడు. స్లైడు ఫిల్ములో కెమెరాలోకి వెళ్లిన ముక్కే కడిగాక బొమ్మయి చేతికొస్తుంది. నడుమ ప్రింటు వేసే మనిషి లేడు. వెలుతురు లెక్క కొంచెం తప్పినా తెల్లనివి మాడిపోతాయి, మళ్లీ రావు. డిజిటల్ జేపెగ్ గుణమూ ఇంచుమించు ఇదే. 1935లో వచ్చి స్లైడులకు పేరుపడ్డ కోడాక్రోమ్ ఫిల్ము తయారీ 2009లో ఆగింది. తయారైన చివరి రీలును స్టీవ్ మెకర్రీకి ఇస్తే, అందులోని 36 ఫ్రేములలో కొన్నింటిని ఆయన రాజస్థాన్‌లో రబారీల మధ్య వాడుకున్నాడు. 2010లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ పట్టణంలో దాన్ని కడిగారు. అదే మెకర్రీ ఫొటోల్లో వస్తువులు చెరిపేశారని 2016లో పెద్ద రచ్చ జరిగింది. పరిమితి పెట్టుకున్నంత మాత్రాన నిజాయితీ దానంతటదే రాదని, రెండింటికీ విడివిడిగా నియమాలు కావాలని ఈ ఉదంతం వల్ల సమావేశం గ్రహించింది.

ఫిల్ము వాడినవాళ్లే అవకాశం రాగానే దాన్ని సంతోషంగా వదిలేశారు కదా, వాళ్లు విదిలించుకున్న సంకెళ్లు మనకెందుకని ఒక యువ సభ్యుడు అడిగారు. సరైన ప్రశ్నే. వాళ్ల పరిమితి జేబు పెట్టింది: రీలు ఖర్చు, కడిగించే ఖర్చు, ప్రింటు ఖర్చు. మనది మనం కోరి పెట్టుకునేది, ఏడాదికి ప్రదర్శనలో ఒక గోడ మేరకు. అంతకుమించి ఈ తీర్మానం ఎవరినీ కట్టడి చేయదు.

కావున ఈ సర్వసభ్య సమావేశం కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. వచ్చే వార్షిక ప్రదర్శనలో ఒక గోడను కింది నియమాల పద్ధతిలో తీసిన ఫొటోలకే కేటాయించాలి. పాల్గొనడం ఐచ్ఛికం. పెళ్లిళ్లు, పత్రికల పని, స్టూడియో పని వంటి జీవనోపాధికి ఇది వర్తించదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు రీలు అయిపోయిందని చెప్పే ఫొటోగ్రాఫరుకు ఫిల్ము కాలంలోనూ డబ్బులు ముట్టలేదు. అందుకే వాళ్లు మెడలో రీలు ఎక్కించిన రెండో కెమెరా వేసుకుని తిరిగేవారు.

2. డిజిటల్ కెమెరాలోనూ ఒక రీలుకు 36 ఫ్రేములు. ఎన్ని రోజుల్లో ముగించినా అభ్యంతరం లేదు. తీసినదాన్ని చెరపరాదు. సంచిలో పొరపాటున నొక్కుకుపోయినదీ లెక్కలోకే వస్తుంది. ఫైల్ నంబర్లు వరసగా ఉండాలి, మధ్యలో నంబరు తెగితే రీలు చెల్లదు. వరసగా దడదడలాడించే బరస్ట్ సౌకర్యాన్ని ఆపేయాలి. నేర్పుగా ఎక్కిస్తే 36 రీలులో 37వ ఫ్రేము కూడా వచ్చేదని, ఆ ఒక్కటి ఇమ్మని పెద్ద సభ్యులొకరు సరదాగా సవరణ పెట్టారు. నవ్వుల మధ్య అది వీగిపోయింది.

3. రీలు పూర్తయ్యేవరకు తీసిన ఫొటోను చూసుకోరాదు. వెనక తెరను లోపలికి మడవాలి, మడత పడని కెమెరాకు నల్ల టేపు అంటించాలి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో తెర మూసినా తీసిన బొమ్మ వ్యూఫైండరులో ఒక క్షణం కనిపిస్తుంది. ఆ ఇమేజ్ రివ్యూను సెట్టింగుల్లోనే ఆపేయాలి. వెనక తెర లేకుండానే డిజిటల్ కెమెరా నడుస్తుందని 2018లో లైకా ఎం10-డి చూపించింది. దాని ధర మన సభ్యులకు అందేది కాదు. టేపు అందుతుంది.

ఈ అంశంపైనే చర్చ ఎక్కువసేపు సాగింది. ఎండలో తెల్లపంచె కట్టుకున్న మనిషిని తీస్తే సరిగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని చాలామంది అడిగారు. మీటరు కంటికి ప్రపంచమంతా నడిమి బూడిద రంగే. తెల్లపంచెనూ బూడిద చేస్తుంది, నల్లగేదెనూ బూడిద చేస్తుంది. పంచెకు కొంత వెలుతురు పెంచాలి, గేదెకు తగ్గించాలి. ఎంత అన్నది చూసి సరిచేసుకునే వీలున్నంతకాలం ఎవరూ నేర్చుకోరు. నడి ఎండలో అపెర్చరు 16, షట్టరు వేగం ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా పెడితే చాలన్న పాత సూత్రం నేటికీ పనిచేస్తుంది. దాన్ని కొత్త సభ్యులకు నేర్పే బాధ్యతను కార్యవర్గానికి అప్పగించడమైనది.

4. రీలు మొదట్లో ఎంచుకున్న ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్, లెన్సు చివరిదాకా మారవు. ఆటో ఐఎస్‌ఓ వాడరాదు. వైట్ బ్యాలెన్స్ పగటి వెలుతురుకు పెట్టి ఉంచాలి. ట్యూబులైటు కింద పచ్చదనం వస్తే రానివ్వాలి, పెట్రోమాక్స్ వెలుగులో పసుపుదనం వస్తే మరీ మంచిది. కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ తప్ప వేరే లెన్సు లేనివారు 35 గీత దగ్గర రింగుకు టేపు చుట్టుకోవాలి. చిన్న సెన్సారు కెమెరాలో అది పాత 50 ఎంఎం లెన్సు చూపుకు సుమారుగా సరిపోతుంది. దగ్గరకు రావాలంటే కాళ్లు కదలాలి.

5. కెమెరా ఇచ్చిన జేపెగ్‌నే సమర్పించాలి. రా ఫైలు చెల్లదు. కత్తిరింపు, రంగుల మార్పు, వంగిన గీతను నిలబెట్టడం ఏవీ కూడవు. జేపెగ్ కూడా వండినదేనన్న అభ్యంతరాన్ని సమావేశం పూర్తిగా అంగీకరిస్తున్నది. సెన్సారు మీద ప్రతి బిందువూ ఒక్క రంగునే పట్టుకుంటుంది, మిగతా రెండు రంగులు పక్క బిందువులను బట్టి లెక్కగట్టినవే. పదును పెట్టడమూ, మచ్చలు అణచడమూ కెమెరా తనే చేస్తుంది. ఫిల్ము రంగులనూ కంపెనీలే నిర్ణయించేవి గనుక దీనిపై పట్టుదలకు పోనక్కర్లేదు. స్టాండర్డ్ రంగుల అమరికకు కట్టుబడితే చాలు. సెన్సారు మీది దుమ్ము మచ్చను చెరపనివ్వాలన్న కోరికను మాత్రం తిరస్కరించడమైనది. దుమ్ము ఊదే రబ్బరు బ్లోయరు సంఘం దగ్గర ఉంది, అడిగి తీసుకోవచ్చు.

6. ఫోను విషయం అంత తేలికగా తెగలేదు. ఒక్కసారి నొక్కితే చాలా ఫోన్లు అనేక ఫ్రేములు తీసి కలిపి ఒకటిగా ఇస్తాయి. ఆ కలపడాన్ని ఆపే వీలు అన్నింట్లో ఉండదు. అలాగని కెమెరా కొనలేని విద్యార్థులను గోడ బయట నిలబెట్టడం సంఘానికి తగదు. 1995లో డెన్మార్క్‌లో లార్స్ వాన్ ట్రియర్, థామస్ వింటర్‌బర్గ్ సినిమాకు ఇలాంటి నియమావళే రాసుకుని 35 ఎంఎం ఫిల్ము తప్పనిసరన్నారు. తీరా ఆ నియమావళి కింద తొలి సినిమాను వింటర్‌బర్గ్ తీసింది చిన్న వీడియో కెమెరాతో. ఆ సడలింపు వల్ల సినిమా చెడలేదు. ఫోనుతో తీసేవారు 2, 5 అంశాలను పాటిస్తే చాలు. ప్రింటు చీటీ మీద ఫోను అని రాయాలి.

7. పాల్గొనే ప్రతి సభ్యుడూ ఒక ఫొటోను 12×18 అంగుళాల ప్రింటుగా ఇవ్వాలి. దాని పక్కనే 36 ఫ్రేముల కాంటాక్ట్ షీటును, తీసిన వరసలోనే, తగిలించాలి. బాగా రానివీ కనిపిస్తాయని కొందరు సంకోచించారు. కనిపించడానికే ఈ నియమం.

తీర్మానం మెజారిటీతో నెగ్గింది. సముద్రతీరంలో తీసే తనలాంటివారికి వంగిన క్షితిజరేఖను సరిచేసుకునే హక్కు ఉండాలన్న ఒక సభ్యురాలి అసమ్మతిని, ఆమె కోరిక మేరకు, నమోదు చేయడమైనది. ప్రదర్శన ముగిశాక జరిగే తొలి కార్యవర్గ సమావేశంలో 5వ అంశాన్ని ఆమె సమక్షంలో మళ్లీ పరిశీలించాలి. నల్ల టేపు ఖర్చును కోశాధికారి గారు చిల్లర పద్దు కింద భరిస్తారు.