తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి

మా ప్రయోగశాలలో ఒక పాత కొలత పరికరం ఉంది. దాని సాఫ్ట్‌వేర్ విండోస్ 7 మీద తప్ప నడవదు. పాత కంప్యూటర్ మూలపడటంతో మరొకటి తెచ్చి, విండోస్ 7 ఎక్కించబోయాం. అది ఒప్పుకోలేదు. "ఇది చెడిపోయింది మాస్టారూ" అన్నాడు పదో తరగతి కుర్రవాడు. చెడిపోలేదు. అప్పగించిన కాపలా అది కాసింది, అంతే!

విద్యార్థులారా, మీట నొక్కగానే మొదట మేల్కొనేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో దీనిని బయోస్ అన్నారు. అది డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, వచ్చినవాడెవరని అడగకుండా వాటికే పెత్తనం అప్పగించేది. 1986లో బయటపడిన 'బ్రెయిన్' వైరస్ ఫ్లాపీలలో దూరి కూర్చున్నది సరిగ్గా ఆ చోటనే.

ఇలాంటి దొంగలను ఆపడానికే, బయోస్ తర్వాత వచ్చిన యు.ఇ.ఎఫ్.ఐ. ఫర్మ్‌వేర్‌లో 'సెక్యూర్ బూట్' అనే కాపలా పెట్టారు. 2012లో విండోస్ 8తో అది ఇళ్లలోని కంప్యూటర్లకు చేరింది. తాను గుర్తించగల డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రాంనే అది ముందుకు సాగనిస్తుంది. 2009 నాటి విండోస్ 7 ఈ పరీక్ష కోసం తయారైనది కాదు.

కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్2 మీట నొక్కి (కొన్నింటిలో డిలీట్ మీట) ఫర్మ్‌వేర్ సెట్టింగులు తెరిచాం. ఏదీ ముట్టుకోకముందే ఉన్న సెట్టింగులన్నీ నోటుబుక్కులో రాయించాను. తర్వాత సెక్యూర్ బూట్ ఆపి, పాత బయోస్‌లా నటించే సి.ఎస్.ఎం. అనే భాగాన్ని ఆన్ చేశాం. ఇన్‌స్టాలేషన్ మొదలైంది, ఇంతలో మౌస్ కదలనంది! విండోస్ 7లో యు.ఎస్.బి. 3.0 డ్రైవర్ లేదు మరి. మౌసునూ పెన్‌డ్రైవునూ 2.0 సాకెట్లకు మార్చాక పని జరిగింది.

కాపలా మంచిదే. దాన్ని ఆపే అధికారం మాత్రం యజమాని చేతిలో ఉండాలంటాను. విండోస్ 8 కాలంలో మామూలు పి.సి.లలో ఆ వీలు తప్పనిసరిగా ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి దాన్ని తయారీదారుల ఇష్టానికి వదిలేసింది. ఇది నాకు నచ్చలేదు. ఆ వీలు లేకుంటే మా పరికరం పాతసామాన్ల కొట్టుకు పోయేది.

"తెలియక పిల్లలు ఆపేస్తే ప్రమాదం కదండీ" అన్నారు సాటి ఉపాధ్యాయులొకరు. తెలియజెప్పడానికే గదా మనం ఉన్నది! విండోస్ 7కు భద్రతా సవరణలు మామూలు వాడకందారులకు 2020 జనవరి 14తో ఆగిపోయాయని కూడా పిల్లలకు చెప్పాను. అందుకే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తగిలించలేదు. కొలతలను తెర మీద చూసి చేత్తోనే రాసుకుంటున్నారు.