అజెండా ముందు ఊరికి చూపండి

పాత బస్టాండు రోడ్డులోని కూరగాయల బజారును బైపాస్ పక్కకు తరలించాలని మా పురపాలక సంఘం తీర్మానించింది. సమావేశం వార్త ఈ వారం జిల్లా పేజీలో వచ్చింది. ఎవరు అధ్యక్షత వహించారో, ఏ ఏ అధికారులు హాజరయ్యారో వివరంగా రాశారు. చివర్లో ‘అజెండాలోని అంశాలన్నింటినీ సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని ఒక్క వాక్యం. ఆ అంశాలేమిటో లేదు. బజారు మాటే లేదు.

ఆ రోడ్డులో ఆకుకూరలు అమ్మే పెద్దావిడకు ఈ సంగతి ఆశీలు వసూలు చేసే కుర్రాడి ద్వారా తెలిసింది. ‘‘వచ్చే నెల నుంచి బైపాస్ కాడికి పొమ్మంటున్నారంట మాస్టారూ, పేపర్లో ఏమన్నా రాశారా?’’ అని నన్నడిగింది. లేదమ్మా అన్నాను. కొంగు ముడి విప్పి ఆ రోజు ఆశీలు చీటీ చూపించింది. మీద వరస నంబరుంది, తేదీ లేదు. అచ్చులో ఉన్న రుసుమును పెన్నుతో కొట్టేసి, పక్కన అంతకంటే పెద్ద అంకె వేశారు. బోణీ కాకముందే రోజూ ఆ డబ్బు కట్టే మనిషి ఆమె. ఆమె బుట్ట ఎక్కడ దించాలో తేల్చేటప్పుడు మాత్రం ఆమెతో ఎవరికీ పని పడలేదు.

చట్టం ఇలా చెప్పలేదు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులే కావాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఉన్నచోటు నుంచి వ్యాపారిని కదపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆశీలు కుర్రాడి నోటిమాట నోటీసు కిందికి రాదు.

రోడ్డు ఇరుకైన మాట నిజమే. కానీ ఆ ఇరుకంతా గోనెపట్టా పరుచుకొని కూర్చునే వాళ్ల వల్లేనా? కాలవ మీదికి రేకులు దించుకున్న షాపుల సంగతేమిటి? రోడ్డుకు అటూ ఇటూ పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలిపి ఉంచే కార్ల సంగతేమిటి? పైగా బజారు బైపాస్‌కు పోతే, సంచి పట్టుకొని నడిచొచ్చే ముసలివాళ్లు కట్ట తోటకూర కోసం ఆటో ఎక్కాలి. ఈ మాటలు సమావేశంలో ఎవరైనా అన్నారో లేదో మనకు తెలిసే దారే లేదు.

అసలు జబ్బు ఇదే. అజెండా కౌన్సిలర్లకు అందుతుంది, ఊరికి అందదు. కౌన్సిలర్లకైనా అన్నీ ముందే అందుతాయా అంటే అదీ లేదు. ముఖ్యమైనవి టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు వస్తాయి. ఆశీలు వేలం గడువు పొడిగింపు, డ్రైను పనుల అంచనాల పెంపు, అయిపోయిన ఖర్చులకు ఆమోదం అన్నీ ఆ దారినే వెళ్తాయి. చదవడానికి వ్యవధి లేని కాగితానికి చేతులెత్తడాన్ని ఏకగ్రీవం అంటున్నాం.

సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. అందులో సెక్షన్ 4 చదవండి. కమిటీల, కౌన్సిళ్ల సమావేశాలకు ప్రజలు రావచ్చా, మినిట్స్ చూడవచ్చా అన్నది ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని అందులో ఉంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ బయటపెట్టాలనీ ఉంది. అర్జీ పెట్టుకొని 30 రోజులు ఎదురుచూస్తే సమాధానం రావచ్చు. ఆలోపు బజారు ఎత్తేస్తారు. అందుకే అడక్కుండా చెప్పాలన్న నిబంధన అంత ముఖ్యం.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చినప్పుడు పట్టణాలకు స్వపరిపాలన వచ్చిందన్నారు. కానీ వార్డు కమిటీలు ఉండి తీరాలన్న నిబంధన 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్లకే. మాలాంటి చిన్న పట్టణాల వాళ్లకు మాట చెప్పుకునే వేదికను రాజ్యాంగం తప్పనిసరి చేయలేదు. కౌన్సిలరు గుమ్మం, పేపర్లో వార్త, ఈ రెండే మాకు దిక్కు.

పేపర్లకు ఆ బాధ్యత పట్టదా? తెలుగునాట జిల్లాకో అనుబంధం 1989లో మొదలయ్యాక, మా వీధి కాలవ గురించి కూడా పేపర్లో వస్తుందని ఎంత సంబరపడ్డామో! ఇప్పుడు ఆ పేజీల్లో సగం పైగా శాలువాలు, పుట్టినరోజు కేకులు. విలేకరి కుర్రాళ్లను తప్పుపట్టను. జీతం అంతంత మాత్రం, నెత్తిన ప్రకటనల టార్గెట్టు. ఏ నాయకుడి ప్రకటన తేవాలో ఆ నాయకుణ్ణే టేబుల్ అజెండా గురించి నిలదీయమంటే ఎలా నిలదీస్తాడు? ఈ పద్ధతి పెట్టిన యాజమాన్యాలే దీనికి జవాబు చెప్పాలి.

ఊరిని అడక్కుండా ఊరి సంగతి తేలిస్తే ఏమవుతుందో చీరాల వాళ్లను అడగండి. చీరాల, పేరాలలను కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి 4,000 రూపాయలుండే పన్ను 40,000కు ఎగబాకింది. మాకొద్దని జనం మొత్తుకున్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి, పొలిమేర అవతల పాకలు వేసుకొని, ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకొని సుమారు 11 నెలలు కాపురాలు చేశారు. అది పరాయి సర్కారు కాబట్టి అడగలేదు. మనం ఓట్లేసి గెలిపించిన వాళ్లకు అడగకపోవడానికి ఏం కారణముంది?

చీరాల అంటే పక్కనే వేటపాలెం. నాకు ఎప్పుడూ కడుపు మండే ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలను పదిలంగా దాచింది కాబట్టే పరిశోధకులు ఇప్పటికీ ఆ ఊరికి వెళ్తున్నారు. ఊరి చరిత్ర ఊరి గ్రంథాలయంలో ఉండాలనుకున్న మనుషులు వాళ్లు. ఇప్పుడు మనం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలు చేసిన పురపాలక సంఘం దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ బకాయిలు పేరుకుపోయాయన్న వార్త ఏదో ఒక పట్టణం నుంచి వస్తూనే ఉంటుంది. మా శాఖా గ్రంథాలయంలో పేపర్లు తగ్గించేశారు. ఉన్న ఒక్క తెలుగు పేపరు కోసం బెంచీ మీద నలుగురు కూర్చొని తలా ఒక పేజీ పంచుకుంటారు. వాళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే ఎక్కువ. చదువుకోమని మన దగ్గర తీసుకున్న డబ్బును వేరే ఖర్చులకు వాడుకోవడం అన్యాయం. దీనికి ఏ సర్దుబాటు మాటా ఒప్పుకోను.

నేను కోరేది కొండంత పని కాదు. ప్రతి సమావేశానికి వారం ముందు అజెండాను వార్డు సచివాలయాల నోటీసు బోర్డు మీద, గ్రంథాలయంలో తెలుగులో అంటించాలి. అత్యవసరమైతే తప్ప టేబుల్ అజెండా వద్దు. తీర్మానానికి ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో రాయాలి. ఇందుకయ్యే ఖర్చు కాగితాలూ జిగురూ మాత్రమే.

వచ్చే సమావేశం అజెండాలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది అన్న లెక్కను మొదటి అంశంగా పెట్టాలని మా వార్డు కౌన్సిలరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. మీ వార్డులో మీరూ ఇవ్వండి, సంతకం తీసుకోవడం మరవకండి.